కోడు మారలేదు, బిల్డు ఆగింది: పనిముట్ల అప్‌గ్రేడ్‌లో అసలు ఏం జరుగుతుంది

2023 జనవరి 30న ప్రపంచంలో చాలాచోట్ల ఒకేసారి బిల్డులు, అంటే రాసిన కోడును నడిచే ప్రోగ్రాముగా మార్చే పనులు, ఆగిపోయాయి. ఆయా ప్రాజెక్టుల్లో ఆ రోజు ఎవరూ పెద్ద మార్పులు చేయలేదు. కోడు నిన్నటిదే, దాన్ని యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే కంపైలర్ నిన్నటిదే, బిల్డు స్క్రిప్టూ నిన్నటిదే. అయినా బయటి లైబ్రరీలను దించుకునే దగ్గరే పని ఆగి, చెక్‌సమ్ (ఫైలు బైట్ల నుంచి లెక్కించే గుర్తు) సరిపోలలేదన్న సందేశం వచ్చింది. అనుభవమున్న వారు ఆ సందేశం చూడగానే మొదట అనుమానించేది దాడిని. ఎవరో లైబ్రరీలోకి చెడ్డ కోడు చొప్పించారేమోనని గుండె ఝల్లుమంటుంది. చెక్‌సమ్ పెట్టుకునేదే అందుకు కాబట్టి ఆ భయంలో న్యాయం ఉంది.

జరిగింది మాత్రం వేరు. కోడును దాచి పంచుకునే వేదిక గిట్‌హబ్, కోడు మార్పుల చరిత్రను నిర్వహించే గిట్ అనే సాధనాన్ని తన సర్వర్లలో కొత్త వెర్షన్‌కు మార్చింది, అంతే. ఏ ప్రాజెక్టు కోడునైనా ఒక ట్యాగ్ (వెర్షన్‌కు పెట్టిన పేరు) దగ్గర కుదించిన మూటగా దించుకునే సౌకర్యం గిట్‌హబ్‌లో ఉంది. ఆ మూటను ప్రాజెక్టు యజమానులు కట్టి పెట్టరు. అడిగినవారికి గిట్ చేత కట్టించి ఇస్తారు. 2022 అక్టోబరులో వచ్చిన గిట్ 2.38 నుంచి ఈ కుదింపు పనికి బయటి జీజిప్ ప్రోగ్రామును పిలవడం మానేసి, గిట్ తన లోపలి కోడునే వాడడం మొదలుపెట్టింది. మూట విప్పి చూస్తే లోపలి ఫైళ్లు అక్షరం తేడా లేకుండా అవే. మూట బైట్లు మాత్రం వేరు. బైట్లు మారాయి కాబట్టి చెక్‌సమ్ మారింది. చెక్‌సమ్‌ను ముందే రాసిపెట్టుకుని సరిచూసుకునే బేజెల్ (బిల్డు సాధనం), హోమ్‌బ్రూ (ప్రోగ్రాములను అమర్చే సాధనం) వంటి వ్యవస్థల మీద ఆధారపడినవారందరికీ దెబ్బ తగిలింది. గిట్‌హబ్ అదే రోజు ఆ మార్పును వెనక్కి తీసుకుంది.

ఇందులో తప్పు ఎవరిదని వెతికితే తేలిగ్గా దొరకదు. కుదించిన మూట బైట్లు ఎప్పటికీ ఒకేలా ఉంటాయని గిట్ ఏనాడూ మాట ఇవ్వలేదు. ఏళ్ల తరబడి మారకపోవడంతో వాడేవారు ఆ అలవాటును హామీగా తీసుకున్నారు. చెక్‌సమ్ సరిచూసిన ఇంజినీర్లు చేసింది మంచి పనే. వారు సరిచూస్తున్నది ఎవరూ పూచీ పడని వస్తువును. పనిముట్లు మార్చినప్పుడు తగిలే దెబ్బల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. ఎవరూ రాసి ఇవ్వని ఒప్పందం మీద బిల్డు నిలబడి ఉంటుంది, ఆ సంగతి అది తెగిన రోజే తెలుస్తుంది. అలాంటి ఒప్పందాలను తీరిక ఉన్నప్పుడు ఒక్కొక్కటిగా బయటపెట్టుకోవడమే అప్‌గ్రేడ్ పని. కొత్త వెర్షన్ నంబరు రాయడం అందులో చివరి, అతి చిన్న భాగం.

బిల్డులోకి ఏమేం వెళ్తాయి?

అన్నం కుదరాలంటే బియ్యం ఒక్కటే చాలదు. నీటి కొలత, గిన్నె, మంట కూడా కుదరాలి. బిల్డులోకి ఏమేం వెళ్తాయని అడిగితే చాలామంది కోడు, లైబ్రరీలు అని ఆపేస్తారు. కంపైలర్, కంపైలైన ముక్కలను కలిపే లింకర్, ప్రామాణిక లైబ్రరీ, మేక్ లేదా గ్రేడిల్ వంటి బిల్డు సాధనం, అవన్నీ నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఇమేజ్ (సాధనాలతో సహా సిద్ధం చేసి ఉంచిన ప్రతి), అందులోని షెల్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, దించుకునే సర్వర్ చిరునామా, ఆ సర్వర్‌ను నమ్మడానికి కావలసిన సర్టిఫికెట్లు, చివరికి గడియారంలోని సమయం కూడా బిల్డు ఫలితాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో రిపోజిటరీలో (ప్రాజెక్టు కోడు ఉండే నిల్వలో) రాసి ఉన్నవి కొన్నే. మిగతావి ఎవరో ఒకరి కంప్యూటర్‌లోనో, సర్వర్ ఇమేజ్‌లోనో ఉండిపోతాయి. ఏ అప్‌గ్రేడ్‌కైనా మొదటి మెట్టు ఈ పట్టికను పూర్తిచేయడం. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటవేసిన జట్టు తర్వాత అర్ధరాత్రి కూర్చుని అదే పట్టిక రాసుకోవలసి వస్తుంది.

పట్టికలో ఒకదాన్ని బిగించి, మరొకదాన్ని వదిలేస్తే ఏమవుతుందో 2024 జులై చెప్పింది. ఆ నెల 25న రస్ట్ భాష కంపైలర్ 1.80 వెర్షన్ విడుదలైంది. ప్రామాణిక లైబ్రరీలో చేర్చిన ఒక చిన్న సౌకర్యం వల్ల, అంతవరకు కంపైలర్ తనంతట తానే ఊహించగలిగిన ఒక టైపు ఇప్పుడు రెండు అర్థాలకు తావిచ్చింది. టైమ్ అనే, ఎంతో మంది వాడే లైబ్రరీలోని పాత వెర్షన్లు దాంతో కంపైల్ కావడం మానేశాయి. లైబ్రరీ నిర్వాహకులు 0.3.35 వెర్షన్‌లో దాన్ని అప్పటికే సరిదిద్దారు. అయినా చాలా ప్రాజెక్టులు ఆగిపోయాయి. కారణం వాటి లాక్‌ఫైలు. లైబ్రరీ వెర్షన్లను మారనివ్వకుండా పట్టి ఉంచేది అదే. అది తన పని తాను చక్కగా చేసి, పాత టైమ్ లైబ్రరీనే పట్టుకుని కూర్చుంది. కంపైలర్ మాత్రం ఏ కట్టూ లేకుండా కొత్తదానికి మారిపోయింది. లాక్‌ఫైలు ఉంది కదా అన్న ధీమాతో ఉన్నవారికే దెబ్బ ఎక్కువగా తగిలింది. రస్ట్‌లో కంపైలర్ వెర్షన్‌ను రిపోజిటరీలోనే రాసుకునే టూల్‌చైన్ ఫైలు ఉంది; ఆ ఒక్క ఫైలు ఉన్నచోట ఆ రోజు ఏమీ జరగలేదు.

దాదాపు ప్రతి సాధనానికీ ఇలాంటి ఏర్పాటు ఉంది. గ్రేడిల్‌కు రాపర్ ఉంది. ఏ వెర్షన్ దించుకోవాలో, దాని చెక్‌సమ్ ఎంతో అందులో రాసుకోవచ్చు. బేజెల్‌కు వెర్షన్ ఫైలు ఉంది, దాన్ని చదివి సరైన వెర్షన్‌ను నడిపే బేజెలిస్క్ ఉంది. కంటెయినర్ ఇమేజ్‌లకు వాటి బైట్ల నుంచే లెక్కించే డైజెస్ట్ అనే గుర్తు ఉంది. ఇవి లేవని ఎవరూ అనలేరు. వాడకపోవడమే సమస్య.

పేరు ఒక్కటే, వస్తువు వేరు

వెర్షన్ రాశామనుకుని రాయకుండా ఉండిపోయే సందర్భం మరొకటి ఉంది. 'లేటెస్ట్' అన్న పేరు రాస్తే అది వెర్షన్ కాదు, దారి చూపే బాణం. బాణాన్ని తిప్పే అధికారం వేరొకరి చేతిలో ఉంటుంది. బిల్డులను తనంతట తానే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ సేవలో ఉబుంటు-లేటెస్ట్ అనే పేరు 2024 డిసెంబరు నుంచి 2025 జనవరి వరకు విడతలు విడతలుగా ఉబుంటు 22.04 ఇమేజ్ నుంచి 24.04కు మారింది. ఆ వారాల్లో ఒకే కమిట్‌ను (కోడు చరిత్రలో నమోదైన ఒక మార్పును) రెండుసార్లు నడిపితే ఒకసారి పాత ఇమేజ్ మీద, ఇంకోసారి కొత్త ఇమేజ్ మీద నడిచే వీలుండేది. ముందు ఇమేజ్‌లో సిద్ధంగా ఉన్న కొన్ని సాధనాలు కొత్తదాంట్లో లేవు. పొద్దున పచ్చగా (సఫలంగా) ఉన్న బిల్డు మధ్యాహ్నం ఎరుపెక్కి (విఫలమై), మళ్లీ నడిపితే పచ్చబడితే, ఇంజినీర్లు వెంటనే తమ పరీక్షలనే అనుమానిస్తారు. అందరికంటే చివర గుర్తుకొచ్చేది కింద ఉన్న ఇమేజ్.

ట్యాగ్ పేరును నమ్మడం స్థిరత్వానికే కాదు, భద్రతకూ చేటు. 2025 మార్చిలో 23,000కు పైగా రిపోజిటరీలు వాడే చేంజ్డ్-ఫైల్స్ అనే యాక్షన్‌లో (బిల్డులో కలుపుకునే సిద్ధ భాగంలో) దుండగులు పాత వెర్షన్ ట్యాగ్‌లన్నింటినీ తమ కమిట్ వైపు తిప్పేశారు. రహస్య తాళాలు బిల్డు లాగ్‌లో అచ్చయ్యాయి. వెర్షన్ నంబరు రాసుకుని నిశ్చింతగా ఉన్నవారు కూడా ఇందులో ఇరుక్కున్నారు. పూర్తి కమిట్ హ్యాష్ (కమిట్ లోపలి విషయం నుంచే లెక్కించే గుర్తు) రాసుకున్నవారికి ఆ పాత హ్యాష్ దగ్గర ఉన్న పాత కోడే వచ్చింది.

అంతా బిగించేసి కూర్చుంటే?

ఇంతవరకు చదివినవారికి ఒక తేలిక మార్గం తడుతుంది: అన్నింటినీ బిగించి, ఇక ముట్టుకోకుండా ఉంటే సరి కదా? కొన్నేళ్లు అలా గడిచిపోతుంది కూడా. కానీ బిల్డు గాలి చొరని పెట్టెలో బతకదు. 2021 సెప్టెంబరు 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లు వాడే సర్వర్లను పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 అనే భద్రతా లైబ్రరీ ఉన్న యంత్రాలు నమ్మడం మానేశాయి. ఎవరూ ఏమీ మార్చని యంత్రాల మీదే ఫైళ్లు దించుకోవడం ఆగిపోయింది. 2024 జూన్ 30న సెంటోస్ 7 అనే లైనక్స్ వ్యవస్థ కాలం తీరింది. ప్యాకేజీల కోసం అది అడిగే మిర్రర్ చిరునామా ఆ తర్వాత పనిచేయలేదు. పాత ప్యాకేజీలన్నీ వాల్ట్ అనే వేరే చిరునామాకు చేరాయి. ఆండ్రాయిడ్ ప్రపంచంలో ఎంతో మంది లైబ్రరీలు తెచ్చుకున్న జేసెంటర్ అనే నిల్వను మూసివేస్తున్నట్టు 2021 ఫిబ్రవరిలో ప్రకటన వచ్చింది. ఈ మూడింటిలోనూ బిల్డు తనంతట తాను కదలలేదు. దాని చుట్టూ లోకం కదిలింది.

ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసేవారికి ఆగిపోయే స్వేచ్ఛ అసలు లేదు. ప్లే స్టోర్‌లో అప్‌డేట్ పెట్టాలంటే ఏటా ఆగస్టు చివరికల్లా కొత్త ఏపీఐ స్థాయికి (ఆండ్రాయిడ్ వెర్షన్‌ను సూచించే నంబరుకు) చేరాలి. 2024లో అది 34, 2025లో 35. కొత్త స్థాయికి కొత్త ఆండ్రాయిడ్ ప్లగిన్ కావాలి, దానికి కొత్త గ్రేడిల్ కావాలి, దానికి కొత్త జేడీకే (జావా పనిముట్ల మూట) కావాలి. మూడేళ్లు ముట్టుకోని ప్రాజెక్టుకు ఈ గొలుసంతా ఒక్క వారంలో లాగవలసి వస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. బిగించడం తప్పనిసరి. బిగించినదాన్ని తెలిసి, మనం ఎంచుకున్న రోజున, ఒక్కో మెట్టు చొప్పున సడలించడం అంతే తప్పనిసరి.

ఆ గొలుసును దగ్గర నుంచి చూద్దాం. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0కు గ్రేడిల్ 8.0, జేడీకే 17 కావాలి. మూడింటినీ ఒకే కమిట్‌లో మార్చిన ప్రాజెక్టులో బిల్డు ఆగితే లాగ్‌లో నాలుగు రకాల తప్పులు కలగలిసి వస్తాయి. ఒకటి 'అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61' అంటుంది. 61 అంటే జావా 17. పాత గ్రేడిల్‌కు కొత్త జావా క్లాస్ ఫైలు చదవడం రావడం లేదని దాని అర్థం. ఎక్కడో ఒక యంత్రంలో జేడీకే ముందు మారింది, గ్రేడిల్ మారలేదు. ఇంకొకటి 'నేమ్‌స్పేస్ నాట్ స్పెసిఫైడ్' అంటుంది. ఇది ప్లగిన్ తెచ్చిన మార్పు: అంతవరకు మానిఫెస్ట్‌లో రాసిన ప్యాకేజీ పేరుతో సరిపెట్టుకున్నది, 8.0 నుంచి బిల్డు ఫైలులోనే నేమ్‌స్పేస్ రాయమంటుంది. సొంత కోడులో దాన్ని సరిదిద్దడం నిమిషం పని. రచయిత వదిలేసిన ఏదో ఫ్లట్టర్ ప్లగిన్‌లోనో, రియాక్ట్ నేటివ్ మాడ్యూల్‌లోనో ఆ వరస లేకపోతే, ప్రత్యామ్నాయం వెతకాలి లేదా దాన్ని తామే సంరక్షించుకోవాలి. అది రోజుల పని.

అదే ప్రయాణాన్ని విడగొట్టి చేయవచ్చు. నేమ్‌స్పేస్ వరసను 7 శ్రేణి ప్లగిన్ కూడా ఒప్పుకుంటుంది. అంటే ఏ వెర్షనూ మార్చకుండానే ఆ పని ముందుగా ముగించి కలిపేయవచ్చు. గ్రేడిల్ 7.3 నుంచి జావా 17కు మద్దతు ఉంది కాబట్టి పాత గ్రేడిల్ శ్రేణిలో ఉండగానే జేడీకేను మార్చి ఒక వారం నడపవచ్చు. తర్వాత గ్రేడిల్. అన్నింటికంటే చివర ప్లగిన్. ప్రతి మెట్టు దగ్గరా బిల్డు పచ్చగా ఉంటుంది. ఎక్కడైనా ఎరుపెక్కితే దానికి కారణం ఒక్కటే ఉంటుంది. మొత్తం మీద పట్టే సమయం ఎక్కువలా కనిపిస్తుంది. నిజానికి వెతుకులాట తగ్గుతుంది కాబట్టి తక్కువే పడుతుంది. అప్‌గ్రేడ్‌తో పాటు కోడులో ఇంకేదో శుభ్రం చేద్దామన్న ఉబలాటాన్ని కూడా ఇక్కడే ఆపుకోవాలి. అప్‌గ్రేడ్ కమిట్‌లో అప్‌గ్రేడ్ తప్ప ఇంకేమీ ఉండకూడదు.

కంపైలర్ కొత్తది, తప్పు పాతది

కంపైలర్లు మారినప్పుడు బయటపడే తప్పులు ఎక్కువగా కోడులో నివురుగప్పిన నిప్పులా ఉన్నవే. 2020 మే 7న వచ్చిన సీ భాష కంపైలర్ జీసీసీ 10 దీనికి మంచి ఉదాహరణ. సీ భాషలో ఒక గ్లోబల్ వేరియబుల్‌ను విలువ ఇవ్వకుండా రెండు ఫైళ్లలో ప్రకటిస్తే, పాత జీసీసీ ఆ రెండింటినీ ఒకే చోట కలిపేసేది. ఎక్స్‌టర్న్ అన్న మాట మరిచిపోయిన హెడర్ ఫైళ్లు ఆ ఉదారత వల్ల దశాబ్దాల పాటు బతికిపోయాయి. జీసీసీ 10 అలా కలపడం మానేసింది. లింకర్ 'మల్టిపుల్ డెఫినిషన్' అంటూ ఆగింది.

లైనక్స్ కెర్నెల్ కూడా దీనికి దొరికింది. కెర్నెల్ బిల్డులో డివైస్ ట్రీ కంపైలర్ అనే చిన్న సాధనం ఉంటుంది. అందులో లెక్సర్, పార్సర్ అనే రెండు భాగాల్లోనూ వైవైఎల్‌లాక్ అనే వేరియబుల్ ప్రకటన ఉంది. సరిదిద్దడానికి చేయవలసింది లెక్సర్‌లోని ఆ ఒక్క వరసను తీసేయడం. అయితే ఈ దిద్దుబాటు అది చేరిన తర్వాతి కమిట్‌లలోనే ఉంటుంది. ఎవరైనా ఒక పాత బగ్ ఎప్పుడు పుట్టిందో వెతుకుతూ చరిత్రలో వెనక్కి వెళ్తే, జీసీసీ 10 ఉన్న యంత్రం మీద ఆ పాత కమిట్‌లలో చాలావాటికి బిల్డే కాదు. వెతుకుతున్న బగ్ పక్కకు పోయి, ప్రతి మెట్టు దగ్గరా ఈ ఒక్క వరస అడ్డుపడుతుంది. పనిముట్ల వెర్షన్‌ను కోడుతో పాటే రిపోజిటరీలో ఉంచాలనడానికి ఇంతకంటే బలమైన కారణం కనిపించదు. ఏ కమిట్‌కు వెళ్తే ఆ కమిట్ నాటి కంపైలర్ దొరకాలి. అప్పుడే పాత చరిత్ర వెతకడానికి పనికొచ్చే చరిత్రగా ఉంటుంది.

జీసీసీ 10 కనీసం గట్టిగా అరిచి ఆగింది. 2024 మేలో వచ్చిన జీసీసీ 14 తెచ్చిన చిక్కు అంతకంటే లోతైనది, దాని మీద కాస్త నిలవాలి. ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడం, టైపు రాయకుండా వదిలేయడం సీ భాష ప్రమాణం నుంచి 1999లోనే తొలగిపోయాయి. అయినా జీసీసీ పాతికేళ్ల పాటు హెచ్చరికతో సరిపెట్టింది. 14వ వెర్షన్ నుంచి అవి తప్పులు, కంపైల్ ఆగిపోతుంది. మామూలు కోడులో ఇలా ఆగితే కనిపిస్తుంది, సరిదిద్దుకోవచ్చు. చిక్కు కాన్ఫిగర్ స్క్రిప్టుల్లో ఉంది.

పాత సీ ప్రాజెక్టుల్లో కాన్ఫిగర్ అనే స్క్రిప్టు బిల్డుకు ముందు నడుస్తుంది. ఈ యంత్రంలో ఫలానా ఫంక్షన్ ఉందా, ఫలానా సౌకర్యం పనిచేస్తుందా అని తెలుసుకోవడానికి అది నాలుగైదు వరసల చిన్న ప్రోగ్రాము రాసి కంపైల్ చేసి చూస్తుంది. కంపైలైతే సౌకర్యం ఉన్నట్టు, కాకపోతే లేనట్టు రాసుకుంటుంది. ఎప్పుడో రాసిన ఈ చిన్న ప్రోగ్రాముల్లో మెయిన్ ఫంక్షన్‌కు టైపు ఉండదు, ఎగ్జిట్ ఫంక్షన్‌ను హెడర్ చేర్చకుండానే పిలుస్తారు. జీసీసీ 14 వాటిని తప్పుపడుతుంది. స్క్రిప్టు ఆగదు, అరవదు. 'ఆ సౌకర్యం ఈ యంత్రంలో లేదు' అని రాసుకుని ముందుకు పోతుంది. బిల్డు పూర్తవుతుంది, పచ్చగా కనిపిస్తుంది. విడుదలైన ప్రోగ్రాములో మాత్రం ఒక సౌకర్యం మాయమైపోతుంది, లేదా వేగమైన దారి పోయి నెమ్మదైన దారి మిగులుతుంది.

బిల్డు పచ్చగా ఉందంటే అప్‌గ్రేడ్ సజావుగా జరిగినట్టేనన్న నమ్మకాన్ని ఈ ఒక్క సంగతి కూలదోస్తుంది. ఫెడోరా అనే లైనక్స్ పంపిణీ ప్రాజెక్టు దీన్ని ముందే గుర్తించింది. ఈ తప్పులు ఎదురైనప్పుడల్లా విడిగా నమోదు చేసేలా మార్చిన కంపైలర్‌తో ప్యాకేజీలను బిల్డు చేసి, కాన్ఫిగర్ స్క్రిప్టుల లోపల నిశ్శబ్దంగా జరిగేవాటిని కూడా పట్టుకుంది. జీసీసీ 14 ముందస్తు వెర్షన్‌తో ఫెడోరా 40 వెలువడింది 2024 ఏప్రిల్‌లో. ఈ సన్నాహం అంతకు చాలా ముందే మొదలైంది. చిన్న జట్టుకు అంత యంత్రాంగం అక్కర్లేదు. పాత కంపైలర్‌తో కాన్ఫిగర్ రాసిన ఫలితాల ఫైలును, కొత్త కంపైలర్‌తో రాసినదాన్ని పక్కపక్కన పెట్టి తేడా చూస్తే చాలు. 'ఉంది' అన్నది 'లేదు' అయిన ప్రతి వరసకూ కారణం దొరికే వరకు కొత్త కంపైలర్‌ను అసలు బిల్డులోకి రానివ్వకూడదు. పది నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసినందుకు పడే శిక్ష నెలల తర్వాత, వాడకందార్ల ఫిర్యాదుల రూపంలో వస్తుంది.

పాతదీ కొత్తదీ పక్కపక్కన

డెబియన్ అనే లైనక్స్ పంపిణీలో 30,000కు పైగా సోర్స్ ప్యాకేజీలు ఉంటాయి. కంపైలర్‌ను ఒక్క రోజులో మార్చి చూద్దామంటే అక్కడ కుదరదు. అందుకే డీఫాల్ట్ కంపైలర్ మారడానికి నెలల ముందే కొత్తదానితో ప్యాకేజీలన్నింటినీ పరీక్షగా బిల్డు చేసి, ఆగిపోయిన ప్రతిదాని మీదా బగ్ నమోదు చేస్తారు. మార్పు జరిగే రోజుకు ఎన్ని మిగిలాయో అందరికీ తెలిసే ఉంటుంది. రస్ట్ వారికి క్రేటర్ అనే సాధనం ఉంది. ప్రజలు ప్రచురించిన లైబ్రరీలను కొత్త కంపైలర్‌తో బిల్డు చేసి చూస్తుంది. ఇంత ఉన్నా 1.80 సంగతి జరిగింది. పరీక్ష ఫలితం కళ్లముందు ఉన్నంత మాత్రాన నిర్ణయం దానంతట అది సరిగ్గా రాదు. ఎంతమంది ఇబ్బంది పడతారో తూచే మనిషి కావాలి.

ఏ కంపెనీలోనైనా ఇదే పద్ధతిని చిన్న ఎత్తున పెట్టుకోవచ్చు. పైప్‌లైన్‌లో (బిల్డులు, పరీక్షలు తమంతట తామే నడిచే ఏర్పాటులో) పాత పనిముట్లతో నడిచే వరస అలాగే ఉంటుంది, కోడును ఆపే అధికారం దానిదే. పక్కనే కొత్త పనిముట్లతో మరో వరస నడుస్తుంది. అది ఎరుపెక్కినా ఎవరి పనీ ఆగదు, కానీ ఎరుపు కనిపిస్తుంది. రోజూ కొన్ని తప్పులు సరిదిద్దుకుంటూ పోతే కొన్ని వారాలకు కొత్త వరస పచ్చబడుతుంది. అప్పుడు అధికారం చేతులు మారుతుంది. మారాక కూడా పాత వరసను ఒకటి రెండు విడుదలల వరకు నడవనివ్వడం మంచిది.

చేతులు మార్చే వేళను కూడా ఎంచుకోవాలి. హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర అంటే వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది. ఇక్కడి జట్టు సాయంత్రం మార్పు కలిపేసి ఇంటికి వెళ్తే, అక్కడివారి రోజంతా దాని ఫలితం మీద నడుస్తుంది, కారణం తెలిసినవారు మాత్రం అందుబాటులో ఉండరు. రెండు ఊళ్లవారూ మేలుకుని ఉండే కొద్ది గంటల మొదట్లో మార్చడం చిన్న జాగ్రత్త, పెద్ద మేలు.

క్యాష్ గురించి ఒక మాట. బిల్డును వేగంగా నడపడానికి ముందు కంపైల్ చేసిన ముక్కలను దాచుకుంటారు. కంపైలర్ మారినా పాత ముక్కలే తిరిగి వస్తే, కొత్త వరస పచ్చగా కనిపించినా దానికి అర్థం లేదు. ఇలా దాచే సీసీక్యాష్ అనే సాధనం మామూలుగా కంపైలర్ ఫైలు పరిమాణాన్ని, దాని మీద ఉన్న సమయాన్ని చూసి అదే కంపైలరో కాదో తేల్చుకుంటుంది. ఫైళ్ల సమయాన్ని ఒకేలా అమర్చే ఇమేజ్‌లలో ఆ గుర్తు చాలదు; ఫైలు లోపలి బైట్లనే పోల్చమని చెప్పే ఏర్పాటు అందులోనే ఉంది. పైప్‌లైన్‌లో సొంతంగా క్యాష్ పేర్లు పెట్టుకునేవారు ఆ పేరులో కంపైలర్ వెర్షన్‌ను తప్పకుండా చేర్చాలి.

హెచ్చరికలను తప్పులుగా మార్చే అమరిక మీద అభిప్రాయాలు రెండు వైపులా బలంగా ఉన్నాయి. కొత్త కంపైలర్ ప్రతిసారీ కొన్ని కొత్త హెచ్చరికలు తెస్తుంది; ఆ అమరిక ఉంటే ప్రతి అప్‌గ్రేడూ బిల్డును ఆపుతుంది. 2021 సెప్టెంబరులో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెర్నెల్ 5.15 కోసం దాన్ని అందరికీ డీఫాల్ట్‌గా పెట్టారు. ఫిర్యాదులు రావడంతో కొద్ది రోజుల్లోనే పరీక్షగా కంపైల్ చేసే బిల్డులకు మాత్రమే డీఫాల్ట్‌గా మార్చారు. ఆ సవరణలో ఉన్న వివేకం అందరికీ పనికొస్తుంది. సొంత పైప్‌లైన్‌లో, వెర్షన్ బిగించిన కంపైలర్ మీద హెచ్చరికను తప్పుగా చూడాలి. ఏ కంపైలర్‌తో ఎవరు బిల్డు చేస్తారో తెలియని బయటి ప్రపంచానికి ఇచ్చే సోర్స్‌లో ఆ అమరిక ఉండకూడదు.

తాత్కాలికం అనుకున్నవి

2021 అక్టోబరులో జావాస్క్రిప్టును నడిపే నోడ్ 17 వచ్చింది, దానితో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 వచ్చింది. వెబ్ ప్రాజెక్టుల ఫైళ్లను మూటకట్టే వెబ్‌ప్యాక్ 4 తన లోపల ఫైళ్ల గుర్తింపు కోసం ఎండీ4 అనే పాత హ్యాష్ పద్ధతి వాడేది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 దాన్ని మామూలుగా అనుమతించదు. 'డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్, అన్‌సపోర్టెడ్' అన్న సందేశంతో ఎన్నో వెబ్ ప్రాజెక్టులు ఆగిపోయాయి. పాత పద్ధతులను అనుమతించే ఒక ఆప్షన్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో రాస్తే బిల్డు నడుస్తుంది. విడుదల గడువు ముంచుకొస్తున్నప్పుడు అలా చేయడంలో తప్పు లేదు. కానీ ఆ వరసను రాసినవారు చాలాచోట్ల మళ్లీ దాని వైపు చూడలేదు. నోడ్ 16 ఉన్న యంత్రానికి అదే స్క్రిప్టు వెళ్తే, ఆ ఆప్షన్‌ను అక్కడ అనుమతించరంటూ నోడ్ మొదట్లోనే ఆగిపోతుంది. కొత్తదాన్ని నడపడానికి రాసిన వరస పాతదాన్ని ఆపుతుంది. రాసినప్పుడే పక్కన రెండు సంగతులు చేర్చి ఉంటే ఈ అవస్థ తప్పేది: ఇది ఎందుకు ఉంది, ఏది మారితే దీన్ని తీసేయవచ్చు. ఇక్కడ జవాబు స్పష్టం, వెబ్‌ప్యాక్ 5లోని కొత్త వెర్షన్లకు చేరాక దీని అవసరం లేదు.

అప్‌గ్రేడ్ ముగిసిన తర్వాత మిగిలే పనుల్లో ఇలాంటి వరసలను వెతికి తీసేయడం ఒకటి. పాత పనిముట్లతో నడిచే బిల్డును ఆపేయడం మరొకటి. పాత ఇమేజ్‌ను మాత్రం తొందరపడి తుడిచేయకూడదు. పాత కంపైలర్‌తో తయారైన విడుదల వాడకందార్ల దగ్గర నడుస్తున్నంత కాలం, దానికి ఏదో ఒక రోజు భద్రతా దిద్దుబాటు పంపవలసి రావచ్చు. ఆ దిద్దుబాటులో మారేది మూడు వరసల కోడే అయి ఉండాలి, కంపైలర్ కాదు. అందుకే ఆ ఇమేజ్‌ను, దాని డైజెస్ట్‌ను, అది దించుకున్న లైబ్రరీల ప్రతులను సొంత నిల్వలో ఉంచి, మూడు నెలలకోసారి దానితో ఆ పాత విడుదలను ఉన్నదున్నట్టు బిల్డు చేసి, అప్పటి ఫైలుతో పోల్చి చూసుకోవాలి.